కనుమరుగైన హేమి: ఒక కొరియా చిత్రమును గూర్చి

తప్పిపోయినవారిని గూర్చిన ప్రకటనలు చదువుట మా వృత్తిలో ఒక భాగము. పేరు, వయస్సు, ఎత్తు, దేహచ్ఛాయ, ఇల్లు విడిచిననాడు ధరించిన వస్త్రములు, మాట్లాడు భాషలు, చివర ఎవరికి తెలియపరుపవలెనో ఆ వివరము. అరనిమిషము పట్టును. చదివి తరువాతి కాగితము అందుకొనుటయే గాని, ఆ మనుష్యుడు దొరకెనో లేదో సాధారణముగా మాకు తెలియదు. 'బర్నింగ్' అను కొరియా చిత్రమును చూచినప్పుడు మాకు మొదట తోచిన ప్రశ్న ఇది: ఈ కథలో కనుమరుగైన పిల్లను గూర్చి అట్టి ప్రకటన వ్రాసి పంపవలసివచ్చినచో, పంపువారెవరు?

2018లో వెలువడిన ఈ చిత్రమునకు దర్శకుడు లీ చాంగ్-డోంగ్. చిత్రరంగమునకు రాకపూర్వము ఇతడు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు, నవలాకారుడు. 2003, 2004 సంవత్సరములలో దక్షిణ కొరియా ప్రభుత్వమున సంస్కృతిశాఖా మంత్రి. 2010 నాటి 'పొయెట్రీ' తరువాత ఎనిమిదేండ్లు మౌనము వహించి దీనిని తీసెను. మూలము జపాను రచయిత హరుకి మురకామి 1983లో ప్రచురించిన చిన్న కథ. మురకామి కథ నొకదానిని చిత్రముగా తీయుమని లీని కోరినవారు జపాను ప్రసారసంస్థయగు ఎన్.హెచ్.కె. వారు. ఒక ప్రసారసంస్థ పూనికతో ఇంత మంచి పని ఆరంభమైనదని చెప్పుకొనుట మావంటివారికి కొంత సంతోషమే. కేన్స్ ఉత్సవమున అంతర్జాతీయ విమర్శకుల బహుమతి దీనికి లభించెను.

కథానాయకుడు జోంగ్-సు. విశ్వవిద్యాలయమున రచనాకళ అభ్యసించి బయటపడిన యువకుడు. నవల వ్రాయవలెనని కోరిక, ఏమి వ్రాయవలెనో తెలియదు. సియోల్ నగరమున సామానులు చేరవేయుచు పొట్టపోసికొనుచుండెను. ఒకనాడు అంగడి ముందు నృత్యము చేయుచు గిరాకిని పిలుచుచున్న పిల్ల అతనిని పలుకరించును. ఆమె హేమి, చిన్ననాడు అతని ఊరిపిల్ల. శస్త్రచికిత్సతో ముఖము మార్చుకొన్నానని ఆమెయే చెప్పును గాని, అతడు గుర్తుపట్టలేదు. ఇరువురికి స్నేహము, ఆపై దగ్గరతనము కలుగును. హేమి ఆఫ్రికా యాత్రకు పోవుచు తన పిల్లికి తిండి పెట్టుమని అతనిని కోరును. అతడు ప్రతిదినము వచ్చి గిన్నె నింపును. తిండి తరుగును, పిల్లి మాత్రము ఒక్కనాడును కంటబడదు. తిరిగివచ్చునప్పుడు ఆమె వెంట బెన్ అను ధనికుడు వచ్చును. ఏమి పనిచేయుదువని అడిగినచో ఆటలాడుట తన పని యనును. జోంగ్-సుది పాతబడిన ట్రక్కు, బెన్‌ది పోర్షే కారు. ఈ రెండు బండ్లను ఒకదాని వెనుక నొకటి నిలిపి చూపుటతోనే దర్శకుడు చెప్పవలసినది సగము చెప్పినాడు.

మనస్తత్త్వమును ఆధారము చేసికొన్న ఉత్కంఠచిత్రములలో సాధారణముగా ఒక రహస్యముండును, చివర విప్పబడును. ఇందు విప్పబడునది లేదు. దీని పని తీరునకు తాళపుచెవి మొదటి భాగముననే ఒక చిన్న దృశ్యమున కలదు. హేమి మూకాభినయము నేర్చుకొనుచున్నది. చేతిలో ఏమియు లేకయే కమలాపండు వలిచి, తొనలు విడదీసి, నోట వేసికొని, గింజ ఉమ్మును. దీనికి కిటుకేమి? పండు ఉన్నదని ఊహించుట వలన ప్రయోజనము లేదనియు, పండు లేదను సంగతిని మరచిపోవలెననియు ఆమె భావము. రేడియో నాటకములు నడుపువారికి ఈ కిటుకు క్రొత్తదేమియు కాదు. స్టూడియోలో కొబ్బరిచిప్పలు తట్టినచో మీ ఇంట గుఱ్ఱము పరుగెత్తును. గుఱ్ఱము లేదని మీరు మరచితిరి గనుక. అయితే మా నాటకమున గుఱ్ఱము వలన ఎవరికిని హాని లేదు. ఈ చిత్రమున చూడని పిల్లి, వినని మాట, కాలని పాక అన్నియు ఆ కమలాపండు వంటివే. వానినుండి ఒక యువకుడు హత్యానేరమును నిర్మించుకొనును.

జోంగ్-సు ఇల్లు పాజు ప్రాంతమున, ఉత్తర కొరియా సరిహద్దు చేరువను ఉన్నది. తండ్రి ఒక అధికారిని కొట్టి విచారణలో నుండగా, ఉన్న ఒక్క దూడను చూచుకొనుటకు అతడు ఆ ఇంటికి చేరెను. అవతలనుండి ధ్వనివర్ధకముల ప్రచారము గాలిలో తేలి వచ్చుచుండును. చిత్రమునకై కల్పించినది కాదు. దశాబ్దములుగా ఉభయపక్షములును ఒకరిపై నొకరు ఇట్లే ప్రసారములు సాగించిరి. 2018 ఏప్రిల్‌లో ఆగినవి, 2024లో మరల మొదలైనవి, 2025 జూన్‌లో మరల ఆగినవి. శ్రోత కోరకయే ఇంటిలో జొరబడు ప్రసారము గదా! మీట త్రిప్పి ఆపుటకు వీలులేని రేడియో యొక్క పీడ ఎట్టిదో తెలియవలెనన్న ఈ చిత్రమును చెవులతో చూడవలెను. అదే ఇంట టెలిఫోను మ్రోగును. ఎత్తినచో అవతల పలుకు లేదు.

ఒక సాయంకాలము మువ్వురును ఆ ఇంటి ముంగిట కూర్చుందురు. ప్రొద్దు క్రుంకుచుండగా మైల్స్ డేవిస్ బాకా వాద్యమునకు హేమి పైవస్త్రము విడిచి నాట్యమాడి, చివరకు ఏడ్చును. (ఇట్టివి ఉన్నందున పిల్లలతో కూర్చుండి చూడదగిన చిత్రము కాదని ఇక్కడనే చెప్పుచున్నాము.) ఆమె నిద్రించుచుండగా బెన్ తన వినోదమును బయటపెట్టును: రెండు మాసముల కొకమారు ఎవరిదో పాడుబడిన ప్లాస్టిక్ పాకను, కూరగాయల సాగుకై వేసినదానిని, తగులబెట్టునట. రాబోవునది ఇక్కడికి మిక్కిలి చేరువ యనును. వారు వెడలిపోవు సమయమున జోంగ్-సు హేమితో ఒక నీచమైన మాట పలుకును. మగవారి ముందు అట్లు వస్త్రము విడుచుట ఎట్టి స్త్రీలు చేయుపనియో చెప్పును. ఆమె బదులు చెప్పక కారెక్కును. అతడు ఆమెతో మాట్లాడిన చివరి మాట అదియే. కొన్నాళ్ళకు ఆమె ఫోనునుండి పిలుపు వచ్చును. ఎవరును మాట్లాడరు, ఏవో చప్పుళ్ళు, అంతే. అటుపిమ్మట ఆమె జాడ లేదు.

విమర్శకులు అనేకులు బెన్ హంతకుడా కాడా యను చర్చలో కాలము గడపిరి. మాకు ఆ నీచపు మాటయే ముఖ్యమని తోచినది. చివరి మాట అట్టిదైనప్పుడు మిగిలినవానికి రెండే దారులు: తానే ఆమెను తరిమితినని ఒప్పుకొనుట, లేదా వేరొక దోషిని వెదకుట. జోంగ్-సు ప్రతి ఉదయము చుట్టుపట్ల పాకలన్నిటి వెంట పరుగెత్తి చూచును. ఒక్కటియు కాలలేదు. బెన్ మాత్రము తగులబెట్టితి ననియే చెప్పును. అప్పుడు 'పాక' యను పదమునకు అతని మనస్సులో అర్థము మారును.

ఇక సాక్ష్యములు. బెన్ స్నానపు గదిలోని సొరుగున ఆడువారి చిన్నవస్తువులు కలవు. వానిలో జోంగ్-సు హేమికిచ్చిన గులాబిరంగు గడియారము వంటిది ఒకటి. కాని అది అంగడివారు లాటరీలో పంచిపెట్టిన చవుక సరకు. బెన్ ఇంట ఒక పిల్లి కలదు. పారిపోయిన దానిని 'బాయిల్' అని హేమి పిల్లిపేరుతో పిలువగా దగ్గరకు వచ్చెను. కాని తినిపించు చేతికి ఏ పిల్లియైన రావచ్చును. చిన్ననాడు బావిలో పడితిననియు, జోంగ్-సుయే తన్ను కనుగొనెననియు హేమి చెప్పియుండెను. అక్కడ బావి లేదని ఆమె కుటుంబము చెప్పును. ఊరి పెద్దయు ఎరుగ ననును. పదునారేండ్ల క్రిందట ఇల్లు విడిచిపోయిన జోంగ్-సు తల్లి మాత్రము నీరులేని బావి యొకటి ఉండెననును. ఎవరి జ్ఞాపకము నమ్మవలెను? దర్శకుడు తేల్చలేదు.

మురకామి కథలో ఇంత భారము లేదు. అందు చెప్పువాడు వివాహితుడైన రచయిత, తగులబడునవి కొట్టములు, తన ఇంటి చుట్టునున్న అయిదింటిని చూచుచు పరుగెత్తును, పిల్ల మాయమగును, కథ చల్లగా ముగియును. విలియం ఫాక్నర్ 1939లో ఇదే పేరుగల కథ వ్రాసెను. అందు కొట్టము తగులబెట్టువాడు భూస్వామిపై కసిగల పేదవాడు, చూచువాడు అతని కుమారుడు. జోంగ్-సు తనకు ఇష్టుడైన రచయిత ఫాక్నర్ అనును. తండ్రి కోపము అతనికిని వారసత్వమే. లీ ఈ రెండు కథలను ఒకే పొయ్యిలో పెట్టి మండించెనని చెప్పవచ్చును. ఒకరికి నిప్పు వినోదము, మరియొకరికి కడుపుమంట.

ఒక కొరత చెప్పక తప్పదు. హేమి మనకు కనబడునది జోంగ్-సు కన్నులతోనే. ఆమె మనసు ఆమె నోట వినుటకు చిత్రము మనకు చాలినంత సమయము నీయదు. ఉద్దేశపూర్వకమనిన అనవచ్చును గాని, ఆ నాట్యము చూచిన తరువాత ఇంకను వినవలెననిపించును. ఆ పాత్ర ధరించిన జియోన్ జోంగ్-సియోకు ఇది మొదటి చిత్రమనిన నమ్ముట కష్టము.

మొదటి ప్రశ్నకు వత్తము. హేమి తల్లి, సోదరి నడుపు భోజనశాలకు జోంగ్-సు పోవును. అప్పులు తీర్చువరకు ఇంటికి రావలదని వారు ఆమెకు చెప్పియుండిరి. ఊరివారు ఎరిగిన ముఖము ఆమెకు ఇప్పుడు లేదు. ప్రకటన వ్రాయగలవాడు ఒక్క జోంగ్-సు. అతడు వ్రాయుట వచ్చినవాడే. చివరికి ఖాళీయైన ఆమె గదిలో, కిటికీ ముందు కూర్చుండి అతడు కంప్యూటరు మీద ఏదో వ్రాయుచు కనబడును. ఏమి వ్రాయుచున్నాడో చూపరు. ఆ తరువాత ఇంకను కొంత చిత్రమున్నది. అది జరిగినదో, అతడు వ్రాసినదో చూచువారు తామే నిర్ణయించుకొనవలెను గనుక మేమిచట చెప్పము.