వేలాడే కొలువు

లేపాక్షి గుడికి వచ్చినవాళ్లు ముందు వెతికేది వేలాడే స్తంభాన్నే. కిందనుంచి పైటచెంగో, కండువానో దూర్చి లాగి చూస్తారు. నేలకు ఆనీ ఆననట్టున్న ఆ రాతికంబం ఓ వింత.

అదే ఊళ్లో ఇంట్లో కూర్చుని, ఢిల్లీలోని స్వచ్ఛంద సంస్థకు ల్యాప్‌టాప్‌లో నివేదికలు రాసి పంపే ఉద్యోగి ఉన్నాడనుకోండి. ఆయన కొలువూ అలాంటిదే. పని లేపాక్షిలో, ఆఫీసు ఢిల్లీలో, జీతం డబ్బు అమెరికాలో!

ఈ కరవు సీమకు స్వచ్ఛంద సంస్థలు కొత్త కాదు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ సిబ్బంది ఊరూరా తిరిగేవాళ్లే. 2020 లాక్‌డౌన్‌తో మాత్రం గడప దాటని కొలువులూ పెరిగాయి.

ఆ విదేశీ డబ్బు ఆగితే ఏమవుతుందో 2025లో తెలిసింది. జనవరి 20న ట్రంప్ విదేశీ సాయాన్ని 90 రోజులు ఆపేస్తూ సంతకం పెట్టారు. ఆ నెలలోనే హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ మూతపడింది. మార్చికల్లా యూఎస్‌ఎయిడ్ కార్యక్రమాల్లో 83 శాతం రద్దు!

ఆఫీసుకెళ్లే ఉద్యోగికి గాలి మారితే ముందే తెలుస్తుంది. మేనేజరు ముఖం, టీకొట్టు దగ్గర గుసగుసలు చెప్పేస్తాయి. ఇంట్లో ఉన్నవాడికి అవేవీ ఉండవు. పావుగంట వీడియోకాల్, ఆపైన పనిచేయని పాస్‌వర్డ్... అంతే! ల్యాప్‌టాప్ కొరియర్‌లో వెనక్కి పంపేయాలి. ఇరుగుపొరుగుకి ఉద్యోగం పోయిన సంగతే తెలీదు. రోజూ బస్సెక్కి వెళ్లింది ఎప్పుడు గనక?

మరి చట్టం మాటేమిటి? 1978లో బెంగళూరు వాటర్ సప్లై కేసులో సుప్రీంకోర్టు చాలా ధర్మసంస్థల్నీ ‘పరిశ్రమ’ కిందే లెక్కగట్టింది. దాంతో కార్మికుల కోవలోకి వచ్చే సిబ్బందిని తొలగిస్తే నెల నోటీసు, పనిచేసిన ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం అడిగే వీలుండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ సేవాసంస్థల్ని ఆ నిర్వచనం నుంచి తప్పించింది.

ఇక ప్రధానమైన ఆధారం నియామక పత్రమే. నోటీసు ఎన్నాళ్లు? ప్రాజెక్టు ఆగితే ఎంతిస్తారు? పీఎఫ్, గ్రాట్యుటీ ఉన్నాయా? ఇవన్నీ చేరేరోజే అడగాలి.

లేపాక్షిలో ఆ ఒక్క కంబం నేలకు పూర్తిగా ఆనకపోయినా మండపాన్ని మోయడానికి చుట్టూ మిగతావి ఉన్నాయి. ఇంట్లో ఒంటరిగా పనిచేసే ఉద్యోగికి ఆసరా ఆ కాగితమే!