గంజి దారం, మెత్తని కాగితం

గంజి పెట్టిన పంచె ఎంత బిరుసుగా ఉంటుందో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది? మగ్గం ఎక్కే ముందు పడుగు నూలుకు గంజి పెట్టేదీ ఆ బిరుసు కోసమే. పోగులు రాసుకున్నా నూగు లేవకూడదు, లాగినా తెగకూడదు. అలాంటి గంజితో చంటిపిల్లల ముక్కు తుడిచే కాగితాన్ని మెత్తగా చెయ్యొచ్చంటే మొదట నమ్మబుద్ధి కాదు.

అయినా ఆ పని జరుగుతోంది. అమెరికాలోని సిన్సినాటి కేంద్రంగా నడిచే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ, 2000 తర్వాతి తొలి ఏళ్లలో పిండిపదార్థం నుంచి సన్నని పోగులు తీసే పద్ధతుల మీద వరసగా పేటెంట్లు తీసుకుంది. టిష్యూ పేపర్‌ని మెత్తబరిచే మందుల్లో గంజి, గంజి నుంచి తీసిన చక్కెరలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. మనం చేతులు తుడుచుకుని బుట్టలో పడేసే కాగితం వెనక ఇంత రసాయనశాస్త్రం ఉందని చాలామందికి తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం మాత్రం ఉంది. ఎందుకంటే అర నిమిషం పనికొచ్చే ఆ కాగితం కోసం ఎక్కడో దశాబ్దాల వయసున్న చెట్టు కూలుతోంది.

వదులు చేస్తేనే మెత్తన

నోటుబుక్కు కాగితం చదరపు మీటరు తూకం వేస్తే 50, 60 గ్రాములుంటుంది. టిష్యూ ఒక పొర 15 నుంచి 20 గ్రాములు. తేడా బరువులో మాత్రమే కాదు. మామూలు కాగితంలో చెట్టు పోగులు ఎండే కొద్దీ ఒకదానికొకటి దగ్గరగా వచ్చి, హైడ్రోజన్ బంధాలతో గట్టిగా అతుక్కుంటాయి. కాగితానికి బలం అక్కడిదే, బిరుసూ అక్కడిదే. టిష్యూ తయారీ అంటే ఆ అతుకుల్ని కావాలని తెంపడం.

తెంపే చోటు చూడదగ్గది. యాంకీ డ్రయర్ అని ఒక పెద్ద లోహపు సిలిండరు ఉంటుంది. లోపల ఆవిరి, పైన అద్దంలాంటి నునుపు. కొన్నిటి వ్యాసం 5 మీటర్ల పైమాటే. తడి కాగితం దాని ఒంటికి అతుక్కుని, ఒక చుట్టు పూర్తికాకుండానే ఆరిపోతుంది. అక్కడ ఒక బ్లేడు దాన్ని గీకి ఊడదీస్తుంది. కొత్త యంత్రాల మీద ఇదంతా నిమిషానికి 2,000 మీటర్ల వేగం వరకూ నడుస్తుంది. గీకిన దెబ్బకి కాగితం ముడుచుకుని సన్నని కుచ్చెళ్లు పడుతుంది. టిష్యూని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అడ్డంగా కనిపించే నలుగుగీతలు అవే. ఆ దెబ్బకే పోగుల మధ్య బంధాలు కొన్ని విడిపోతాయి. కాగితానికి సాగే గుణం, నీళ్లు పీల్చే గుణం వస్తాయి. టిఫిన్ సెంటర్లో దొరికే నున్నటి పల్చటి న్యాప్‌కిన్ చట్నీని పీల్చుకోకుండా చేతికంతా పులిమేది ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. దానికి ఈ ముడతలు సరిగా పడలేదు.

బ్లేడు ఒక్కటే చాలదు. గుజ్జులోనో, తయారైన కాగితం మీదనో మెత్తబరిచే మందు కలుపుతారు. ఎక్కువగా వాడేవి క్వాటర్నరీ అమ్మోనియం లవణాలు. బట్టలు ఉతికాక వేసే కండిషనర్‌లో ఉండే రకమే. ధనావేశం ఉన్న కొస చెట్టు పోగుని పట్టుకుంటుంది, కొవ్వు కొస బయటికి తిరిగి ఉంటుంది. పక్క పోగు వచ్చి అతుక్కోవాల్సిన చోటు కాస్తా మూసుకుపోతుంది. కాగితం మెత్తబడుతుంది. దాంతో పాటే బలం తగ్గిపోతుంది, దులిపితే నుసి రాలుతుంది. మెత్తదనం పెంచిన ప్రతిసారీ పట్టు తగ్గడం, పట్టు పెంచిన ప్రతిసారీ బిరుసెక్కడం ఈ పరిశ్రమకు మొదటి నుంచీ ఉన్న బాధ.

గంజి పనికొచ్చేది ఇక్కడే. కొద్దిగా ధనావేశం ఎక్కించిన పిండిపదార్థాన్ని గుజ్జులో కలిపితే అది పోగులు ఒకదాన్నొకటి దాటే చోట కూర్చుంటుంది. మెత్తబరిచే మందు పోగొట్టిన బలాన్ని వెనక్కి తెస్తుంది, నుసినీ కట్టేస్తుంది. మొత్తం కాగితానికి గంజి పట్టిస్తే పంచెలా బిరుసెక్కుతుంది. అవసరమైన చోట, అవసరమైనంత పడితే బిరుసు తెలియదు, పట్టు మిగులుతుంది. ఎంత అన్నదే అసలు విద్య. మగ్గం దగ్గర గంజి చిక్కదనాన్ని వేళ్ల మధ్య రుద్ది చూసే నేతగాడికి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

మెత్తబరిచే మందునే గంజి నుంచి తియ్యడం ఇంకో దారి. పిండిని విడగొడితే గ్లూకోజు వస్తుంది. దాన్ని కొబ్బరినూనె, పామాయిల్ లాంటి వాటి నుంచి తీసిన కొవ్వు ఆల్కహాల్‌తో కలిపితే ఆల్కైల్ గ్లూకోసైడ్లు వస్తాయి. షాంపూల్లో, పాత్రలు తోమే ద్రవాల్లో ఉండేవి. టిష్యూ పోగుల మధ్య అతుకుని వదులు చెయ్యడానికీ ఇవి పనికొస్తాయి. అదే గ్లూకోజుకి హైడ్రోజన్ ఎక్కిస్తే సార్బిటాల్. టూత్‌పేస్టు ఎండిపోకుండా కాపాడేది అదే. కాగితంలో కొంచెం తేమని పట్టి ఉంచి పోగుని విరుసుగా కాకుండా చేస్తుంది. ఆ అమ్మోనియం లవణాలతో పోలిస్తే ఇవి నేలలోనూ నీళ్లలోనూ సూక్ష్మజీవులకు తేలిగ్గా అరుగుతాయి. నా లెక్కలో వీటి అసలు విలువ అది.

మెత్తదనాన్ని కొలవడం మాత్రం ఇప్పటికీ తలనొప్పే. జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో ఎంటెక్ అనే సంస్థ చేసిన యంత్రం టిష్యూ ముక్కను బిగించి, దాని మీద చిన్న రెక్కల చక్రాన్ని తిప్పి, వచ్చే చప్పుడు విని అంకె ఇస్తుంది. అయినా కంపెనీలు కళ్లకు కనపడకుండా కాగితాన్ని పెట్టి, మనుషుల చేత తడిమించి చూడటం మానలేదు. వేళ్లకు తెలిసేదంతా ఆ అంకెలో పట్టడం లేదు.

రెండూ గ్లూకోజు గొలుసులే

చెట్టు పోగులోని సెల్యులోజూ, బియ్యంలోని పిండిపదార్థమూ ఒకే గ్లూకోజు పూసలతో కట్టిన గొలుసులు. తేడా పూసని పూసకి కట్టిన తీరులో ఉంది. సెల్యులోజులో పూస విడిచి పూస తలకిందులై గొలుసు నిటారుగా సాగుతుంది. పక్కపక్క గొలుసులు సర్దుకుని, బిగుసుకుని, నీళ్లకు లొంగని పోగు తయారవుతుంది. పిండిలో గొలుసు మెలి తిరుగుతుంది. మన లాలాజలంలోని ఎంజైము కూడా దాన్ని తెంపగలదు.

ఇంట్లో టింక్చర్ అయోడిన్ ఉంటే ఒక చుక్క నోటుబుక్కు కాగితం మీద వేసి చూడండి. నీలం కలిసిన నలుపు రంగు వస్తుంది. సిరా పాకకుండా మిల్లులో పూసిన పిండి అది. మెలి లోపల అయోడిన్ ఇరుక్కోవడం వల్ల ఆ రంగు. దొంగ డాలర్లు పట్టుకోవడానికి దుకాణాల్లో వాడే పెన్నులో ఉండేదీ అయోడినే. మామూలు కాగితంలో పిండి ఉంటుంది కాబట్టి గీత నల్లబడుతుంది, అసలు నోటు మీద నల్లబడదు.

ఈ మెలి తిరిగిన గొలుసు నుంచి పోగు తియ్యాలి. అదే పెద్ద సవాలు.

పిండిలో నీళ్లు పోసి కాస్తే 60, 70 డిగ్రీల దగ్గర రేణువులు ఉబ్బి, పగిలి, చిక్కటి ముద్ద అవుతుంది. దాన్ని సన్నని రంధ్రాల్లోంచి నెట్టడం వరకూ జంతికల గిద్ద తిప్పడం లాంటిదే. కష్టం ఆ తర్వాత. కావాల్సిన పోగు మందం 20 మైక్రాన్ల లోపు, అంటే తలవెంట్రుకలో మూడో వంతో నాలుగో వంతో. అంత సన్నగా రావాలంటే రంధ్రం దాటాక వేడిగాలితో దాన్ని లాగాలి. మామూలు పిండిలో మూడొంతుల దాకా ఉండే అమైలోపెక్టిన్ కొమ్మలు కొమ్మలుగా చీలిన భారీ అణువు. లాగితే సాగదు, తెగిపోతుంది. అందుకని ముందు ఆమ్లంతో ఆ అణువుల్ని కొంత తెంపి చిన్నవి చేస్తారు. చిన్నవైతే ఒకదాన్నొకటి పట్టుకోలేవు కాబట్టి, చాలా పొడుగు గొలుసున్న పాలీ ఎక్రిలమైడ్ లాంటి పాలిమర్‌ని కొంచెం కలుపుతారు. సాగే గుణం అది ఇస్తుంది. లాగేటప్పుడు గాలిలో తేమ తగినంత ఉండాలి, లాగడం అయ్యాక వెంటనే ఆరాలి. లేకపోతే పోగులన్నీ అంటుకుని మళ్లీ ముద్దే మిగులుతుంది.

పోగు వచ్చాక ఇంకో రెండు గండాలున్నాయి. పిండి ఊరికే ఉండదు. నిలవ ఉండే కొద్దీ అణువులు మళ్లీ సర్దుకుని స్ఫటికాలు కడతాయి, పోగు పెళుసెక్కుతుంది. రాత్రి వండిన అన్నం తెల్లవారేసరికి బిరుసెక్కేది ఈ మార్పు వల్లే. రెండోది నీళ్లు. తుడవడానికి పుట్టిన కాగితం తుడిచేటప్పుడే జారిపోతే ఎందుకు? కనక పోగులు ఆరాక, అణువుల మధ్య అడ్డుకట్లు వేసే రసాయనం కలిపి వేడిచేసి బిగిస్తారు.

ఇన్ని చేసినా ఫలితం ఊరించేదే. చెట్టు పోగు చెట్టు ఇచ్చినంతే. జామాయిల్ పోగు పొడుగు మిల్లీమీటరు లోపు, చలిదేశాల దేవదారు జాతి చెట్ల పోగు 2 నుంచి 3 మిల్లీమీటర్లు. గంజి పోగుని ఎంత సన్నగా, ఎంత పొడుగ్గా కావాలంటే అంత తియ్యొచ్చు. బలమూ మెత్తదనమూ రెండూ ఒకే పోగులో అమర్చుకునే వీలు మనిషి చేతికి వచ్చింది. అయినా బజార్లో దొరికే టిష్యూ చుట్టల్లో ఇప్పటికీ చెట్టు గుజ్జుదే రాజ్యం. గుజ్జు చవక, దాని యంత్రాలు సిద్ధంగా ఉన్నాయి.

ఎంతసేపు తడవాలి?

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది బలం ఎంత అన్న ప్రశ్న కాదు, ఎంతసేపు అన్న ప్రశ్న. పేపర్ టవల్‌ని తడిపినా చిరగదు. పాలీ అమైడ్ ఎపిక్లోరోహైడ్రిన్ అనే రెజిన్ పోగుల్ని శాశ్వతంగా కట్టేస్తుంది కాబట్టి. వంటింటికి అది సరే. అదే గుణం బాత్రూం కాగితంలో ఉంటే గొట్టాలు పూడుకుపోతాయి. అక్కడ కావాల్సింది చేతిలో ఉన్న నిమిషం సేపు నిలిచి, నీళ్లలో పడ్డాక లొంగిపోయే బలం. ఆ పనికి ఆల్డిహైడ్ గుంపులు ఎక్కించిన గంజి బాగా కుదిరింది. అది సెల్యులోజుతో కట్టే బంధం నీళ్లు తగిలిన వెంటనే ఊడదు, నెమ్మదిగా వదులుతుంది. ఇలాంటి తాత్కాలిక బలాన్ని ఇవ్వడంలో గంజిది పాత అనుభవం.

దీని విలువ లండన్‌కి బాగా తెలుసు. 2017లో వైట్‌చాపెల్ వీధుల కింద మురుగు కాలవలో 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున్న కొవ్వు గడ్డ దొరికింది. వంటనూనెల కొవ్వు తడి వైప్స్‌తో కలిసి రాయిలా బిగుసుకుంది. మనుషులు కాలవలోకి దిగి వారాల తరబడి దాన్ని పగలగొట్టాల్సి వచ్చింది. చూడ్డానికి కాగితంలా ఉన్నా ఆ వైప్స్‌లో చాలావాటిలో పాలియెస్టర్ లాంటి ప్లాస్టిక్ పోగులుంటాయి. ప్లాస్టిక్ ఉన్న వైప్స్ ప్యాకెట్ మీద ఆ సంగతి బొమ్మతో సహా ముద్రించాలని ఐరోపా సమాఖ్య 2021 జులై నుంచి నియమం పెట్టింది. ప్లాస్టిక్ పోగు చేసే పనిని గంజి పోగు చెయ్యగలిగితే మొదట రావాల్సింది ఈ వైప్స్‌లోకే. బాత్రూం చుట్ట కంటే ఇక్కడ దాని అవసరం ఎక్కువ.

ఇక్కడ ఒక మాట గట్టిగా అనాలి. పేరుకి గంజి పోగైనా సాగడానికి వేసిన పాలీ ఎక్రిలమైడ్ పెట్రోలియం నుంచి వచ్చేదే, అది మట్టిలో అంత తొందరగా అరగదు. అడ్డుకట్లు ఎక్కువైతే పిండి కూడా సూక్ష్మజీవులకు కొరుకుడు పడదు. కాబట్టి మొక్కజొన్న కంకి బొమ్మ వేసి అమ్మినంత మాత్రాన నమ్మకూడదు. ఎంత శాతం పిండి, నీళ్లలో ఎంతసేపటికి విడిపోతుంది, మట్టిలో ఎన్నాళ్లకు కలుస్తుంది, ఈ మూడూ ప్యాకెట్ మీద అచ్చువెయ్యమని అడిగే హక్కు కొనేవాళ్లకుంది.

చెట్టు లెక్క, దుంప లెక్క

అమెరికా టిష్యూల్లో కలిసే పొడుగు పోగుల్లో మంచి భాగం కెనడా ఉత్తరాది అడవులది. అక్కడి చలికి చెట్టు పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. 2019లో ఎన్‌ఆర్‌డీసీ అనే పర్యావరణ సంస్థ టిష్యూ కంపెనీలకు మార్కులు వేస్తూ ఒక నివేదిక తెచ్చింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ బ్రాండ్లకు అందులో అథమ స్థానం దక్కింది. అడవుల నరికివేతను ఆపే ప్రయత్నాల మీద కంపెనీ లెక్క చెప్పాలంటూ 2020 అక్టోబరులో ఆ కంపెనీ వాటాదారుల సమావేశంలో పెట్టిన తీర్మానానికి మూడింట రెండు వంతుల ఓట్లు పడ్డాయి. యాజమాన్యం వద్దన్నా పడ్డాయి.

మన దగ్గర కథ వేరు. సారపాక కాగితం మిల్లు చుట్టూ భద్రాచలం క్లోన్లుగా పేరుపడ్డ జామాయిల్, దాంతోపాటు సుబాబుల్, రైతులు పొలాల్లో పెంచే పంటలు. నాలుగైదేళ్లకు కోతకొస్తాయి. పొట్టిగా, సన్నగా ఉండే జామాయిల్ పోగు టిష్యూ పైపొరకు మెత్తదనం ఇస్తుంది. లేనిది పొడుగు పోగు. గంజి దారం భర్తీ చెయ్యగలిగింది సరిగ్గా ఆ ఖాళీనే.

దానికి పిండి ఎక్కడిది? తిండి గింజల్ని బుట్టదాఖలయ్యే కాగితానికి మళ్లించడం నాకు ఇష్టం లేదు. బియ్యం అసలే వద్దు. కానీ సామర్లకోట, పెద్దాపురం వైపు వెళితే కర్రపెండలం ఉంది. పచ్చి దుంపలో పావు వంతుకు పైగా పిండే. తవ్విన రెండు మూడు రోజుల్లో మిల్లుకి చేరకపోతే నల్లబడి చెడిపోతుంది. తొక్క తీసి, తురిమి, పిండిపాలు తొట్టెల్లో తేర్చి, అడుగున దిగిన తెల్లటి ముద్ద నుంచి సగ్గుబియ్యం చేస్తారు. పిండేశాక మిగిలిన పిప్పిలో కూడా ఇంకా బోలెడు పిండి చిక్కుకుని ఉంటుంది. ఇప్పుడది పశువుల దాణాకు పోతోంది. సగ్గుబియ్యానికి పెద్ద గిరాకీ మహారాష్ట్ర, గుజరాత్‌లలో ఉపవాసాల రోజుల్లో. అక్కడి ధర పడిపోతే ఇక్కడ దుంప ధర పడిపోతుంది. చెడిపోయే సరుకు కాబట్టి రైతు ఆగలేడు, ఎంతకడిగితే అంతకి ఇచ్చుకోవాల్సిందే. ఉపవాసాలతో సంబంధం లేకుండా ఏడాది పొడుగునా పిండి కొనే ఒక కాగితం మిల్లు తోడైతే ఆ రైతు బేరమాడే స్థితిలో ఉంటాడు. దుంపల మీద పనిచేసే కేంద్ర పరిశోధన సంస్థ తిరువనంతపురంలో 1963 నుంచి ఉంది. రాజమండ్రిలో కాగితం మిల్లు ఉంది, సామర్లకోట దానికి గంట ప్రయాణం. పిప్పిలోని పిండితో పోగు వస్తుందో రాదో తేల్చడానికి ఈ మూడు చోట్ల మనుషులు ఒక్క చోట కూర్చుంటే చాలు.