కంప్యూటర్ కొన్నారా? ముందు ప్లగ్గు చూడండి!

మా గోపాల్‌పేటలో గాలివాన వస్తే కరెంటు పోవడం, ఎండాకాలం దుమ్ము మామూలే. అందుకే కంప్యూటర్ డబ్బాలు విప్పకముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, త్రీపిన్ సాకెట్‌కి ఎర్త్ ఉందో లేదో చూపించండి. లేకపోతే సీపీయూ రేకు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటుంది. పిల్లలు తిరిగే ఇల్లు కదా! ఇక్కడ మాత్రం డబ్బు చూసుకోకండి.

తర్వాత యూపీఎస్. అది సినిమా చూడ్డానికి కాదండీ, కరెంటు పోయిన కాసేపట్లో పని సేవ్ చేసి షట్‌డౌన్ చేయడానికే. లేజర్ ప్రింటర్ దానికి తగిలించకండి.

గాలి రంధ్రాలు గోడకు జానెడు దూరం ఉండాలి. నడుస్తున్నప్పుడు గుడ్డ కప్పకండి. తుడవాలంటే ప్లగ్గు తీసి, పొడిగుడ్డ వాడండి.

పాతది కొంటుంటే విండోస్ 11 పడుతుందా అని అడగండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ఆగిపోయింది.

పిల్లల ఫోటోలు ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి బీరువాలో పెట్టండి.