చెక్కు ఫొటో తర్వాత అడగాల్సిన ప్రశ్నలు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు కంపెనీలు ముఖ్యమంత్రి సహాయ నిధికి చెక్కులు ఇచ్చాయి. జనం ఇచ్చినవారిని పొగిడారు, ఇవ్వనివారిని నిలదీశారు. సాయం ఎవరికి అందిందన్న ప్రశ్న మాత్రం వెనకబడిందని మేం గమనించాం.

ముందు చట్టం సంగతి. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం, ఏడాదికి 5 కోట్ల రూపాయల నికర లాభం వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. విపత్తు సాయమూ ఆ జాబితాలో ఉంది. అయితే పీఎం కేర్స్‌కు ఇచ్చింది ఈ లెక్కలోకి వస్తుంది, ముఖ్యమంత్రి నిధికి ఇచ్చింది రాదు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన వివరణ ఇదే.

డబ్బు ఏ దారిన వచ్చినా, పంపిణీ దగ్గర కులం అడ్డుపడుతుంది. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో దళితులను శిబిరాల్లో, మంచినీళ్ల దగ్గర దూరం పెట్టిన తీరును హక్కుల సంఘాలు నమోదు చేశాయి. నష్టాన్ని పడవలు, వలల లెక్కన కొలవడంతో, అవి లేని దళిత కూలీలు చాలామంది జాబితాకే ఎక్కలేదు.

అందుకే దాతను పొగిడే ముందు మనం అడగాలి: జాబితా ఎవరు రాశారు? అందరి ముందూ చదివారా? దళితవాడకు సాయం ఎన్నో రోజున చేరింది?