కంటికి కనిపించని పుణ్యఫలం

ఆకలిగొన్నవానికి అన్నం పెడితే ఫలితం దాతకు అక్కడే కనిపిస్తుంది. రోగం రాకముందే దానిని అడ్డుకోవడానికి ఇచ్చే ధనం అటువంటిది కాదు. తల్లి నుండి వ్యాధి సోకకుండా పుట్టిన బిడ్డ తాను ఏ ఆపదనుండి తప్పించుకున్నదో ఎన్నటికీ ఎరుగదు. అందుకే నివారణకు దాతలు అరుదు. ఇచ్చినవారు చేయి వెనక్కి తీసుకొనడమూ సులువు.

2024లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 13 లక్షల మందికి హెచ్.ఐ.వి. కొత్తగా సోకింది. ఎయిడ్స్ సంబంధిత కారణాలతో 6 లక్షల 30 వేల మంది మరణించారు. చికిత్స ఎంత విస్తరించినా, నివారణ లేనిదే ఈ ప్రవాహం ఆగదు.

దాతృత్వం ఏమి చేయగలదో మన రాష్ట్రమే చూసింది. గేట్స్ ఫౌండేషన్ 2003లో ‘అవాహన్’ అనే కార్యక్రమాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో ప్రారంభించింది. సమాజం వెలివేసిన స్త్రీల వద్దకూ, లారీ డ్రైవర్ల వద్దకూ, మత్తుమందును సూదితో ఎక్కించుకునేవారి వద్దకూ అది వెళ్ళింది. మొదటి అయిదేళ్లలో దాదాపు లక్ష మందికి వ్యాధి సోకకుండా ఆగిందని 2011లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఆ పిదప సంస్థ హఠాత్తుగా తప్పుకోలేదు. కొన్నేళ్లపాటు దశలవారీగా బాధ్యతను ప్రభుత్వానికి అప్పగించింది.

ధనం ఒక్కటే చాలదని ఉగాండా నిరూపించింది. అక్కడి ఇస్లామీయ వైద్య సంఘం 1990వ దశకంలో మస్జిదుల ఇమాములకు శిక్షణ ఇచ్చింది. వైద్యుని మాట వినని కుటుంబాలు ఇమాము మాట విన్నాయి. కండోముల ప్రస్తావనకు మొదట అభ్యంతరాలు వచ్చినా, చర్చ ఆగలేదు. ప్రాణరక్షణ ధర్మమేనన్న అవగాహన క్రమంగా బలపడింది. విరాళాలు దారి చూపగా, నమ్మకం ఆ దారిలో జనాన్ని నడిపించింది.

దీనికి భిన్నమైన దృశ్యం 2025 జనవరిలో కనిపించింది. అమెరికా ప్రభుత్వం విదేశీ సహాయాన్ని ఉన్నట్టుండి నిలిపివేయగా, ఆఫ్రికాలో అనేక క్లినిక్కులు మూతపడ్డాయి. కొద్దిరోజులకు ప్రాణాధారమైన చికిత్సకు మినహాయింపు లభించింది. వ్యాధి సోకకుండా ముందుగా వాడే మాత్రలను మాత్రం ఆ నిధులతో గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ మాత్రమే ఇవ్వవచ్చునన్నారు. కోత పడినప్పుడు మొదట నష్టపోయేది నివారణే.

ఇచ్చుట ఎంత ముఖ్యమో, నిలకడగా ఇచ్చుట అంత ముఖ్యం. ఒకే దాతపై ఆధారపడిన సేవ ఆ దాత మనసు మారిన నాడు కూలిపోతుంది. నలుగురూ కొంచెం కొంచెంగా మోసేది నిలుస్తుంది. నెలనెలా తీసే సదఖాలో రోగులకూ, నివారణకూ ఒక భాగం కేటాయించడం ఏ కుటుంబానికైనా సాధ్యమే.

ధనంతో పనిలేని దానమూ ఉన్నది. గర్భిణులకు ప్రభుత్వ ఆసుపత్రులలో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. తల్లి సకాలంలో మందులు వాడితే బిడ్డకు సోకే ప్రమాదం నూటికి అయిదుకన్నా తక్కువకు తగ్గుతుంది. కోడలిని, కూతురిని సంకోచం లేకుండా ఆ పరీక్షకు తోడ్కొనిపోవడం, వ్యాధిగ్రస్తుని పక్కన కూర్చుని భోజనం చేయడం కూడా దానమే. పరువు పోతుందన్న భయంతో దాచిన వ్యాధి ఇంట్లో మరొకరికి సోకుతుంది. ఆదరణ దొరికిన చోట రోగి చికిత్సకు ముందుకు వస్తాడు. ఆ విధంగా రక్షింపబడినవారెవరో మనకు తెలియకపోవచ్చు, అల్లాహ్‌కు తెలుసు.