ఏసీలో యూవీ లైట్ పెట్టిస్తే ఇంట్లో గాలి నిజంగానే శుభ్రమవుతుందా? డబ్బులు పెట్టే ముందు ఇది తెలుసుకోండి!

ఏసీ ఆన్ చేయగానే తడిబట్ట ముక్కిన వాసన వస్తోందా? పిల్లలకు తుమ్ములు తగ్గట్లేదా? అయితే 'యూవీ లైట్' గురించి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకైతే ఇది బాగా అలవాటైన మాట. సర్వీసింగ్‌కి వచ్చినవాళ్లు "డక్ట్‌లో యూవీ ల్యాంప్ పెట్టిస్తే వైరస్, బ్యాక్టీరియా, ఫంగస్ అన్నీ పోతాయి" అని చెబుతుంటారు. యూవీ ఫీచర్ ఉందంటూ ఇండియాలోనూ ఏసీలు, ఎయిర్ ప్యూరిఫయర్లు అమ్ముతున్నారు. ఇంతకీ ఇందులో నిజమెంత? ఎక్కడ పనిచేస్తుంది? ఎక్కడ చేయదు? చూద్దాం.

అసలు యూవీ-సీ అంటే ఏంటి?

అల్ట్రావయొలెట్ కాంతిలో మూడు రకాలున్నాయి. ఎండలో మన ఒంటికి తగిలేవి ఏ, బీ రకాలు. మూడోది యూవీ-సీ. సూర్యుడి నుంచి వచ్చే యూవీ-సీని ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది. అందుకే క్రిములకు దీన్ని తట్టుకునే శక్తి పెద్దగా ఉండదు. మామూలు మెర్క్యురీ యూవీ ల్యాంపులు 254 నానోమీటర్ల దగ్గర ఈ కాంతిని ఇస్తాయి. ఇది క్రిమి లోపలున్న డీఎన్ఏ, ఆర్ఎన్ఏలను దెబ్బతీస్తుంది. దాంతో ఆ క్రిమి ఇక సంఖ్య పెంచుకోలేదు.

ఇది కొత్త టెక్నాలజీ ఏం కాదు. 1930ల చివర్లోనే అమెరికాలోని ఫిలడెల్ఫియా దగ్గర స్కూళ్లలో తట్టు వ్యాపించకుండా యూవీ లైట్లు వాడి చూశారు. మన ఇళ్లలోని వాటర్ ప్యూరిఫయర్లలో ఉండే యూవీ కూడా ఇదే.

మరి సమస్య ఎక్కడ?

సమస్యంతా టైమ్ దగ్గరే. క్రిమి చనిపోవాలంటే లైట్ ఎంత బలంగా ఉందన్నది ఒక్కటే చాలదు, ఎంతసేపు తగిలిందన్నదీ ముఖ్యమే. వాటర్ ప్యూరిఫయర్‌లో చిన్న గొట్టంలోంచి నీళ్లు మెల్లగా, ల్యాంప్‌ను ఆనుకుని వెళ్తాయి. ఏసీ డక్ట్‌లో గాలి అలా వెళ్లదు, దూసుకుపోతుంది.

చిన్న లెక్క చూడండి. గాలి సెకనుకు 3 మీటర్ల వేగంతో వెళ్తోందనుకుందాం. ల్యాంప్ వెలుగు గట్టిగా పడే చోటు 30 సెంటీమీటర్లు అనుకుందాం. అంటే గాలిలోని క్రిమికి లైట్ తగిలేది సెకనులో పదో వంతు మాత్రమే! ఆ కాసేపట్లో బలహీనమైన క్రిములు కొన్ని పోవచ్చు. కానీ ఫంగస్ బీజాలు గట్టివి. అవి చావాలంటే చాలా ఎక్కువ డోస్ కావాలి. ఇళ్లలో వాడే మామూలు యూవీ క్లీనర్ల ప్రభావం పరిమితమేనని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా చెబుతోంది.

ఇంకో ముఖ్యమైన విషయం.. యూవీ లైట్ దుమ్మును పట్టుకోదు. పొగ, పుప్పొడి, పెంపుడు జంతువుల వెంట్రుకలు, పీఎం 2.5.. వీటిలో దేన్నీ తీసేయదు. ఆ పని ఫిల్టర్‌ది.

అయితే ఇది పూర్తిగా వేస్టా?

కాదు! యూవీ బాగా పనిచేసే చోటు ఒకటుంది. అదే కూలింగ్ కాయిల్. ఏసీ నడిచేటప్పుడు కాయిల్ మీద, కింద నీళ్ల ట్రేలో ఎప్పుడూ తడి ఉంటుంది. చీకటి, తడి, దానికి తోడు దుమ్ము.. ఫంగస్‌కి ఇంతకన్నా ఏం కావాలి? ముక్క వాసన వచ్చేది ఎక్కువగా ఇక్కడినుంచే. గాలిలా కాయిల్ ఎక్కడికీ పరిగెత్తదు. అందుకే దానికి ఎదురుగా ల్యాంప్ పెడితే గంటల తరబడి లైట్ పడుతూనే ఉంటుంది.

దీనికి ఆధారం కూడా ఉంది. కెనడాలోని మాంట్రియల్‌లో ఆఫీసు బిల్డింగుల్లో చేసిన పరిశోధన 2003లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చింది. 12 వారాలు లైట్లు ఆపి, 4 వారాలు వేసి.. ఇలా మూడుసార్లు చేశారు. లైట్లు ఎప్పుడు వేశారో ఉద్యోగులకు తెలియదు. లైట్ పడిన భాగాల మీద క్రిములు 99 శాతం తగ్గాయి. ఉద్యోగుల్లో పనిచోట కనిపించే ఇబ్బందుల లక్షణాలు మొత్తం మీద సుమారు 20 శాతం తగ్గాయి. కాకపోతే అవి ఆఫీసులు. ఇంట్లోనూ అచ్చం అంతే ఫలితం వస్తుందని గ్యారంటీ లేదు.

మన దగ్గర కూడా 2021 వర్షాకాల సమావేశాలకు ముందు పార్లమెంట్ సెంట్రల్ హాల్, లోక్‌సభ చాంబర్‌లలో సీఎస్‌ఐఆర్-సీఎస్‌ఐవో తయారుచేసిన యూవీ-సీ వ్యవస్థను ఏసీ డక్టుల్లో పెట్టారు. అది గాలి వేగం, డోస్ లెక్కగట్టి డిజైన్ చేసిన వ్యవస్థ. ఇంట్లో బిగించే ఒక్క ల్యాంప్‌తో దాన్ని పోల్చలేం.

జాగ్రత్త.. ఈ రెండూ మర్చిపోవద్దు

మొదటిది ఓజోన్. కొన్ని ల్యాంపులు 185 నానోమీటర్ల కాంతి కూడా ఇస్తాయి. అది గాలిలోని ఆక్సిజన్‌ను ఓజోన్‌గా మారుస్తుంది. పైన ఆకాశంలో మనల్ని కాపాడే ఓజోన్, ఇంట్లో పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు మరీ ప్రమాదం. కాలిఫోర్నియాలో అయితే ఇలాంటి పరికరాల నుంచి ఓజోన్ 0.050 పీపీఎం దాటకూడదని రూల్ ఉంది. 'ఓజోన్‌తో గాలి ఫ్రెష్ అవుతుంది' అని ఎవరైనా అమ్మితే కొనకండి.

రెండోది కళ్లు. యూవీ-సీని నేరుగా చూస్తే కంటిపొర కమిలిపోతుంది. నొప్పి వెంటనే తెలియదు, కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. పానెల్ తెరిస్తే ల్యాంప్ దానంతటదే ఆగిపోయే స్విచ్ ఉండాల్సిందే.

మన స్ప్లిట్ ఏసీల సంగతేంటి?

హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో ఎక్కువగా ఉండేవి స్ప్లిట్ ఏసీలే. వీటికి డక్టులు ఉండవు. గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తాయి తప్ప బయటి గాలిని తేవు. లోపల ప్లాస్టిక్ భాగాలే ఎక్కువ. యూవీ-సీ పడితే ప్లాస్టిక్, వైర్ల తొడుగు పెళుసుబారతాయి. కాబట్టి ఆన్‌లైన్‌లో దొరికే ల్యాంప్ కొని సొంతంగా బిగించొద్దు. ఫిల్టర్ కడగడం, కాయిల్, డ్రెయిన్ ట్రే క్లీన్ చేయించడం, రోజూ కాసేపు కిటికీలు తీయడం.. వాసన పోవడానికి ముందు చేయాల్సినవి ఇవే.

పెట్టించే ముందు ఇవి అడగండి

* ల్యాంప్ కాయిల్‌కి ఎదురుగా పెడతారా? లేక డక్ట్‌లో ఎక్కడో ఒకచోటా?
* ఓజోన్ రాదని సర్టిఫికెట్ ఉందా? అమెరికాలో అయితే యూఎల్ 2998 గుర్తు చూడండి.
* ల్యాంప్ ఎప్పుడు మార్చాలి? చాలావాటికి సుమారు 9,000 గంటలు, అంటే ఏడాది. నీలి వెలుగు కనిపిస్తున్నా లోపల యూవీ-సీ తగ్గిపోయి ఉండొచ్చు.
* మా సిస్టమ్‌కి మెర్వ్ 13 ఫిల్టర్ పడుతుందా? పడితే ముందు అది పెట్టించండి.

మొత్తానికి యూవీ లైట్ మంత్రదండం కాదు, మోసమూ కాదు. కాయిల్‌ను శుభ్రంగా ఉంచడానికి అదొక సాయం, అంతే. దుమ్ముకు ఫిల్టర్, తడికి క్లీనింగ్, ఉక్కిరిబిక్కిరి చేసే గాలికి కిటికీ.. ఈ మూడూ సరిగ్గా ఉన్నాక కూడా వాసన పోకపోతే, అప్పుడు యూవీ గురించి ఆలోచించండి. ఇంట్లో ఎవరికైనా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే మాత్రం ల్యాంప్ మీద భారం వేయకుండా డాక్టర్‌కి చూపించండి.