గడియారం ముందు పెట్టుకొని నవలలు వ్రాసిన గుమాస్తా

విక్టోరియా రాణి కాలం (1837-1901) అనగానే మన కళ్ళకు కట్టే బొమ్మ ఒకటే. మెడదాకా బొత్తాలు, మొగాన నవ్వులేని పెద్దమనిషి. సిగ్గని పియానో కాళ్ళకు సైతం గుడ్డ తొడిగే ఇల్లాలు! మేమూ చాలాకాలం అలాగే అనుకొన్నాము. తీరా చూస్తే ఆ గుడ్డల ముచ్చట ఇంగ్లండుది కానే కాదు. మారియట్ అనే నావికాధికారి అమెరికా వెళ్ళి, అక్కడి బాలికల పాఠశాలలో చూశానని 1839లో అచ్చువేసిన కథ. తరువాతి తరాలవారు దానిని ఆంగ్లేయులకే అంటగట్టారు.

ఆ కాలపు రచయితలలో మాబోటి గుమాస్తాలకు చుట్టం వంటివాడు ఆంథొనీ ట్రాలప్ (1815-1882). 1834లో లండను తపాలా కచేరీలో ఏడాదికి 90 పౌన్ల జీతానికి చేరాడు. ఆలస్యంగా వస్తాడని చీవాట్లూ తిన్నాడు. 1841లో ఐర్లండుకు బదిలీ అయ్యాక మనిషి మారాడు. జెర్సీ దీవిలో 1852లో వీథి తపాలా పెట్టెలు నిలబెట్టింది ఈయన సలహామీదనే.

వేకువను కాఫీ ఇచ్చి లేపేందుకు నౌకరుకు ఏటా 5 పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. ఐదున్నరకల్లా బల్లముందు కూర్చుని, గడియారం చూసుకొంటూ పావుగంటకు 250 మాటలు వ్రాసి, ఆపైన ఉద్యోగానికి పోయేవాడు. అలా 47 నవలలు! ఈ లెక్క 1883లో ఆత్మకథ ద్వారా బయటపడగానే చాలామంది ముఖం త్రిప్పుకొన్నారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పాఠకులు మళ్ళీ ఆయనను వెదుక్కొన్నారు.

'వార్డెన్' (1855) నవలలో పన్నెండుమంది ముసలివారి ధర్మసత్రానికి పెద్ద హార్డింగు. ఆయన జీతం 800 పౌన్లు. అది అన్యాయమని పత్రిక వ్రాస్తుంది. కోర్టు చిక్కు వీడిపోయినా ఆయన రాజీనామా ఇస్తాడు. కాగితాలలో తప్పు లేదు, మనస్సులో ఉన్నది! వీరినా మనం వట్టి వేషధారులనుకొన్నది?

అట్లని పూజ చేయనక్కరలేదు. మన తాతలు చెప్పుకొన్న ధాత కరువు (1876-78) ఆ రాణి ఏలుబడిలోనిదే, లక్షలమంది పోయారు. రెండూ నిజమే. కాలాన్నంతటినీ ఒక్క మూటకట్టి చూడక, మనిషిని మనిషిగా చూడాలి. మన పెద్దలను చాదస్తులని కొట్టిపారవేసే మన పిల్లలకూ ఇదే మాట.

ఈ నాలుగు ముక్కలూ మేమూ వేకువనే, గడియారం ముందు పెట్టుకొని వ్రాశాము. పావుగంటకు పాతిక మాటలైనా సాగలేదు సుమండీ!